డాక్టరమ్మ చెయ్యి జారింది

డాక్టర్ ఇన్షిరాహ్ గారు ఏ వస్తువునైనా తలకిందులు చేసి చూస్తేగాని నమ్మరు.

పొద్దున్నే సూయజ్ కాలేజీ క్యాంటీన్‌లో ఆమె ముందు పెరుగు గిన్నె పెడతారు. ఆమె చెంచా ముట్టుకోరు. మూత తీసి, గిన్నెను మెల్లగా పక్కకు వంచి, ఇంకా వంచి, పూర్తిగా బోర్లించి, మెడ వాల్చి కింది నుంచి పైకి చూస్తారు. పక్క బల్ల మీద కొత్తగా చేరిన వాళ్ళెవరైనా ఉంటే కుర్చీ వెనక్కి జరుపుకుంటారు. పాతవాళ్ళు ఉడికించిన ఫూల్ చిక్కుడు గింజలు నములుతూనే ఉంటారు.

"ఎలా ఉంది డాక్టరమ్మా?" అంటాడు క్యాంటీన్ బయూమీ.

"నిన్న జి. ఇవాళ ఎఫ్. అంచు దగ్గర నడుం వంచింది."

"అది పెరుగండీ. రాయి కాదు."

"రాయి కావాలంటే నీ దగ్గరికెందుకొస్తాను బయూమీ? ల్యాబ్‌లో బోలెడున్నాయి."

ఎఫ్, జి అన్నవి చమురు చదువులో వాడే కొలతలు. జెల్ కలిపిన సీసాను బోర్లించి, లోపలిది ఎలా నడుచుకుంటుందో చూసి అక్షరం ఇస్తారు. ఎ అంటే నీళ్ళు, ఆలోచించకుండా జారిపోతుంది. డి బద్ధకంగా నాలుక చాపినట్టు కిందికి సాగుతుంది. ఎఫ్, జి పడవుగాని, పడదామా వద్దా అని ఊగుతాయి. ఐ ఉలకదు పలకదు. చిట్టచివరి జె మాత్రం కదలకపోగా, సీసాను వేలితో మీటితే గుయ్యిమని వణుకుతుంది.

ఇదంతా ఎందుకంటే, నీరు పల్లమెరుగు అని మనం అంటాం గాని, భూమి లోపల నీరు పల్లం కాదు, సందు ఎరుగుతుంది. పాతబడిన చమురు క్షేత్రాల్లో ఒక బావిలోంచి నీళ్ళు పంపి, ఇసుకరాయిలో ఇంకిన చమురును ఇంకో బావి వైపు తోస్తారు. కొన్నేళ్ళకు ఆ నీళ్ళు తెలివి మీరతాయి. గుల్లగా ఉన్న రాతిపొర ఎక్కడుందో పసిగట్టి, అందులోంచే నేరుగా ఇటు దూరి అటు తేలతాయి. గట్టిగా ఉన్న రాతిలో చమురు అలాగే మిగిలిపోతుంది. అప్పుడు నీళ్ళలాంటి పల్చని మందును అదే దారిన పంపాలి. అది లోపలి వేడికి పేరుకుని జెల్ అయి, దారికి అడ్డంగా కూర్చోవాలి. వెనక వచ్చే నీళ్ళు చచ్చినట్టు గట్టిరాతి చుట్టూ తిరిగి చమురును తోసుకురావాలి. మందు ముందే పేరుకుంటే గొట్టంలోనే ఇరుక్కుంటుంది. పేరుకోకపోతే నీళ్ళతో పాటు బయటికొచ్చి వెక్కిరిస్తుంది. అందుకే ముందుగా సీసాలో కలిపి, ఓవెన్‌లో పెట్టి, రోజూ బోర్లించి చూస్తారు.

లోకంలో ఈ పని చేసేవాళ్ళు చాలామందే ఉన్నారు. సాయంత్రం ల్యాబ్ తలుపు వేశాక ఆపేస్తారు. ఇన్షిరాహ్ గారు ఆపలేదు.

ల్యాబ్ స్టోరు చూసే గిర్గిస్ ఒకసారి తన కూతురి పెళ్ళికి పిలిచాడు. పెళ్ళికొడుకు తల్లి స్వయంగా చేసిన మహలబీయా గిన్నెను డాక్టరమ్మ చేతికిచ్చింది. పాలూ బియ్యప్పిండీ కలిపి పేరబెట్టి, పైన పిస్తా చల్లిన గిన్నె. డాక్టరమ్మ బోర్లించారు. వాయిద్యాలు ఆగాయి. కాసేపు చూసి, "పడలేదు. కానీ పడాలని మనసులో ఉంది" అన్నారు. పెళ్ళికొడుకు తల్లి ఆ మాట తన గురించే అనుకుని, పిల్లవైపు వాళ్ళతో వారం రోజులు మాట్లాడలేదు.

మందుల షాపులో దగ్గు మందు, పొరుగింట్లో జామపండు మురబ్బా, మంగలి షాపులో భర్త తలకు రాసే నూనె, ఏదీ ఆమె చేతిలోంచి తిన్నగా బయటపడలేదు. మరిది గారికి మనవడు పుట్టినప్పుడు చూడ్డానికి వెళ్ళి, "ఏదీ, ఒకసారి ఇలా ఇవ్వండి" అని చేతులు చాపగానే కుటుంబమంతా లేచి నిలబడిందని చెబుతారు.

భర్త కెప్టెన్ వగీహ్ గారు కాలవలో ఓడలు నడిపించి రిటైరైన మనిషి. ఇంటికి ఎవరొచ్చినా ఒకటే కథ.

"ఓడ మీద నిలబెట్టి, మోకాలి మీద కూర్చుని ఉంగరం పెట్టె ఇచ్చానండీ. తెరిచింది. బోర్లించింది."

"మీరు లోపల దూది గట్టిగా పెట్టాల్సింది" అంటారు వంటింట్లోంచి డాక్టరమ్మ.

"సూయజ్ కాలవ అడుగున ఏముందో ప్రపంచంలో అందరికన్నా నాకే బాగా తెలుసు" అని ముగిస్తారు కెప్టెన్ గారు.

ఇలాంటి మనిషి దగ్గరికి ఎమ్మెస్సీ చేయడానికి వచ్చింది రబాబ్. దక్షిణాన సముద్రపు ఒడ్డున ఉన్న చిన్న చమురు ఊరు ఆ పిల్లది. తండ్రి పేరు మన్సీ, అబూ నఖ్లా అనే పాత చమురు క్షేత్రంలో బావులు చూసుకుంటాడు. ఆ ఊళ్ళో పొయ్యి వెలిగే ప్రతి ఇల్లూ ఆ బావుల మీదే బతుకుతోంది. బావులేమో నీళ్ళు కక్కుతున్నాయి.

"ఇంక చేపలు పెంచుకోవచ్చమ్మా, ఉప్పే కాస్త ఎక్కువ" అని తండ్రి ఫోన్లో నవ్వేవాడు. ఆ నవ్వు వెనక ఏముందో రబాబ్‌కు తెలుసు. బావుల కంపెనీ ఒక మాట చెప్పింది: చలికాలం ముగిసేలోగా, మా రాతిలో, మా ఉప్పునీటిలో, మా వేడికి నిలబడే జెల్ కాలేజీలో చేసి చూపిస్తే ఒక బావిలో ప్రయత్నిస్తాం, లేకపోతే అబూ నఖ్లా మూసేస్తాం. ఊరి నుంచి బయలుదేరేటప్పుడు ఆడవాళ్ళందరూ రబాబ్‌ను కావలించుకుని, "నీ చేతులు చల్లగుండ, గట్టిగా పేరబెట్టి రా" అన్నారు, అదేదో పెరుగు తోడు పెట్టడమైనట్టు.

ల్యాబ్‌లో చేరిన రోజునే గిర్గిస్ ఆమెకు అక్కడి నియమం చెప్పాడు.

"చూడు తల్లీ, నీ ఏడాది వాటా ఇది. పొడి ఇంత, గట్టిపరిచే మందు ఇంత, మీ ఊరి బావి నీళ్ళు ఇన్ని. నీ సీసా చెడితే నీ వాటాలోంచే మళ్ళీ కలుపుకోవాలి. వాటా అయిపోతే కమిటీకి దరఖాస్తు."

"కమిటీ ఎన్నాళ్ళలో ఇస్తుంది బాబాయ్?"

"ఇస్తుంది. నీ తరవాత వచ్చినవాళ్ళు వాడుకుంటారు."

రబాబ్ పళ్ళు బిగించి పని మొదలుపెట్టింది. సీసాలు కలిపి, పేరు రాసి, ఓవెన్‌లో వరసగా పెట్టింది. మర్నాడు పొద్దున వచ్చి చూస్తే ఒక సీసా బల్ల మీద ఖాళీగా పడుంది. మూత ఒకవైపు, సరుకు నేల మీద. గిర్గిస్ తుడుస్తున్నాడు. డాక్టరమ్మ పక్కనే నిలబడి ఉన్నారు.

"చెయ్యి జారింది తల్లీ. మూత ఊడిపోయింది. నా తప్పు. నా వాటాలోంచి తీసుకుని మళ్ళీ కలుపుకో."

"పర్వాలేదండీ" అంది రబాబ్. మొదటిసారి కాబట్టి అంది.

"ఒలికింది నా తప్పు. ఎలా ఒలికిందో రాసుకోవడం నీ పని. ఇదిగో, ముందు నీళ్ళు వచ్చాయా, ముద్ద వచ్చిందా, తీగ సాగిందా, చూసి రాసుకో. ఎండిపోకముందే."

రబాబ్‌కు ఒళ్ళు మండింది. సీసా ఒలకబోసి, పైగా హోంవర్కు కూడానా.

ఆ తరవాత అది రివాజైపోయింది. వారం తిరిగేలోపు ఇంకో సీసా, దాని వెనకే ఇంకోటి. డాక్టరమ్మ పొద్దున్నే అందరికన్నా ముందొచ్చి ఓవెన్ తెరిచి, ఒక్కో సీసానూ బోర్లిస్తారు. కొన్నిటికి మూత ఊడుతుంది. "చెయ్యి జారింది తల్లీ." ఆ చెయ్యి ఇంత జారుడుదైతే ఇన్నాళ్ళూ అన్నం ఎలా తింటోందని రబాబ్ లోలోపల తిట్టుకునేది. పోయిన సీసాలు వలలోంచి జారిపోయిన చేపల్లాంటివి, ఒలికిన ప్రతిదీ రబాబ్ తలపుల్లో పెద్దదైపోయేది. అదే నిలబడి ఉండేదేమో, అదే అబూ నఖ్లాను కాపాడేదేమో.

ఇంక ఉపాయాలు పన్నింది. ఒక సీసాను చిన్న ఓవెన్‌లో, ఎండబెట్టే గాజుగిన్నెల వెనక దాచింది. మర్నాటికి గాజుగిన్నెలన్నీ బోర్లించి ఉన్నాయి, సీసా నేల మీద ఉంది. ఇంకో సీసాకు తన పేరు చింపేసి, హానీ అనే తోటి విద్యార్థి పేరు అంటించింది. హానీ ఆ నెలంతా ల్యాబ్ మొహం చూడలేదు. డాక్టరమ్మ ఆ సీసా కూడా ఒలకబోసి, హానీ ఇంటికి ఫోన్ చేసి మరీ క్షమాపణ చెప్పారు.

హానీ మర్నాడే పరిగెత్తుకొచ్చాడు. "నేను ఏం కలిపానని?" అని రబాబ్‌ను రహస్యంగా అడిగాడు.

"బాగానే కలిపావు. నోరు మూసుకుని కూర్చో."

"డాక్టరమ్మ ఎలా ఒలికిందో రాసుకోమంటున్నారు. నేనేం రాయను?"

"నీళ్ళు ముందొచ్చాయి, ముద్ద వెనకొచ్చింది అని రాయి." రబాబ్‌కు అప్పటికి కంఠతా వచ్చేసింది.

చలికాలం సగం దాటింది. తండ్రి ఫోన్లో చేపల మాట మానేశాడు. "కంపెనీ వాళ్ళు వచ్చి బావులకు ఎర్ర రంగు గుర్తులు పెట్టి వెళ్ళారమ్మా" అన్నాడు. ఆ సాయంత్రం రబాబ్ ఓవెన్ తెరిచి తన కొత్త సీసాను తానే బోర్లించి చూసుకుంది. కదల్లేదు. వేలితో తట్టింది. రాయి. దాన్ని లోపల పెట్టి, తన గదికి వెళ్ళే దారంతా ఎవరూ చూడకుండా నవ్వుకుంది.

పొద్దున వచ్చేసరికి అది నేల మీద ఉంది.

"చెయ్యి..." అన్నారు డాక్టరమ్మ.

రబాబ్ మిగతాది వినలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది. నేరుగా పై అంతస్తుకు వెళ్ళి, విభాగం హెడ్ డాక్టర్ లుత్ఫీ గారికి ఫిర్యాదు ఇచ్చింది. నియమం ప్రకారం కమిటీ కూర్చుంది. లుత్ఫీ గారు మధ్యలో, ఇద్దరు ప్రొఫెసర్లు చెరో పక్కన. డాక్టరమ్మను బయట బెంచీ మీద కూర్చోమన్నారు.

"చెప్పమ్మా" అన్నారు లుత్ఫీ గారు. గొంతు మహా గంభీరంగా ఉంది.

"సార్, డాక్టర్ ఇన్షిరాహ్ గారంటే నాకు తల్లి కన్నా గౌరవం. కానీ ఆవిడ నా సీసాలు బతకనివ్వడం లేదు. నిన్న సాయంత్రం పెట్టిన సీసా రాయిలా ఉంది. నేను బోర్లించి చూశాను."

"రాయిలా ఉంది. ఊఁ."

"పొద్దున ఆవిడ దాన్ని బోర్లించారు. మూత ఊడింది. మొత్తం నేల మీద పడిపోయింది."

"రాయి పడిపోయిందా?"

"అవును సార్. నీళ్ళు ముందు, ముద్ద వెనక..."

రబాబ్ ఆగిపోయింది. తన నోట్లోంచి వచ్చిన మాట తన చెవికే వినబడింది. కుడి పక్క ప్రొఫెసర్ గారు కిటికీలోంచి ఓడలు చూడటం మొదలుపెట్టారు. ఎడమ పక్కాయన జేబురుమాలు తీసి కళ్ళజోడు తుడుచుకుంటున్నారు, మళ్ళీ మొహానికి పెట్టుకోవాలన్న మాటే గుర్తులేనట్టు పదే పదే తుడుస్తున్నారు.

పేరుకున్న జెల్ బోర్లిస్తే పడదు. పడకపోవడమే పేరుకోవడం. చమురు చదువులో చేరిన మొదటి వారంలో చెప్పే పాఠం అది. మూత ఉన్నా, లేకపోయినా, ఊడినా, ఎగిరినా, నిలబడాల్సింది నిలబడి తీరుతుంది. నేల మీద పడిందంటే రాత్రికి రాత్రే నీళ్ళు వదిలేసి, ముద్ద కుంచించుకుపోయి, చెడిపోయిందన్న మాటే. ఆ చలికాలమంతా డాక్టరమ్మ రోజూ అన్ని సీసాలనూ బోర్లించారు. నిలబడ్డవి ఏవీ ఒలకలేదు. చెడిపోయినవి మాత్రమే ఒలికాయి.

"మూత ఎలాంటిదమ్మా?" అని మెల్లగా అడిగారు లుత్ఫీ గారు.

"మర మూత సార్."

"తనంతట తానే ఊడుతుందా?"

"ఊడదు సార్. నాలుగైదు చుట్లు తిప్పితేగాని రాదు."

లుత్ఫీ గారు పైకప్పు వంక చూశారు. రబాబ్ నేల వంక చూసింది. చెడిన సీసా విద్యార్థి వాటాలోంచి పోతుంది. ప్రొఫెసర్ చెయ్యి జారిన సీసా ప్రొఫెసర్ వాటాలోంచి పోతుంది. డాక్టరమ్మకు సొంత ప్రయోగం కోసం ఇచ్చే సరుకు ఏటా చలికాలం దాటకముందే ఎందుకైపోతుందో, ఏళ్ళ తరబడి ఆమె పేరుతో ఒక్క కొత్త ప్రయోగమైనా ఎందుకు బయటికి రాలేదో, తోటివాళ్ళు ఆమెను "తలకిందుల ఇన్షిరాహ్" అని ఎందుకు ఎగతాళి చేస్తారో రబాబ్‌కు ఒక్కసారిగా అర్థమైంది.

"సార్, నేను ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాను. ఆ సీసాలు..."

"ఆగమ్మా." లుత్ఫీ గారు చెయ్యి అడ్డం పెట్టారు. "నేను అడిగిందానికే జవాబు చెప్పు. సీసా నీ చేతిలోంచి పడిందా, ఆవిడ చేతిలోంచి పడిందా?"

"ఆవిడ చేతిలోంచే సార్."

"అయితే అదే రాస్తున్నాను." రాసి, కలం మూత పెట్టి, గొంతు సవరించుకున్నారు. "నేను ఆవిడ దగ్గర చదువుకున్నప్పుడు నా సీసాలూ ఆవిడ చేతిలోంచే పడ్డాయి. ఈయనవీ పడ్డాయి. ఆయనవైతే మరీ ఎక్కువ."

"మరీ ఎక్కువేం కాదు" అన్నారు కళ్ళజోడు తుడుస్తున్నాయన.

బయట బెంచీ మీద డాక్టరమ్మ, ఆఫీసు వాళ్ళు ఇచ్చిన టీ గ్లాసును కాస్త పక్కకు వంచి చూసుకుంటున్నారు.

"అయిందా? ఏమన్నాడు లుత్ఫీ?"

"మీ చెయ్యి డాక్టరుకు చూపించుకోమన్నారు."

"చిన్నప్పటి నుంచీ అంతే వాడు. ఊరికే సలహాలిస్తాడు."

రబాబ్‌కు ఆవిడ చేతులు పట్టుకోవాలనిపించింది. వాటిలో టీ గ్లాసు ఉంది. అందుకని ఇంకో మాట అంది. "డాక్టరమ్మా, అన్ని సీసాలూ ఒక్కలాగే ఒలికాయి. నీళ్ళు ముందు, ముద్ద వెనక. గట్టిగా రావాలని నేను మందు ఎక్కువేశాను. మా బావి నీళ్ళలో సున్నం ఇంకా ఎక్కువ. రెండూ కలిసి జెల్‌ను పిండేస్తున్నాయి. నీళ్ళు వదిలేసి కుంచించుకుపోతోంది."

"ఇంతసేపూ లోపల దీని గురించా మాట్లాడుకుంది?"

"దీని గురించే అనుకోండి."

"అయితే ఇంకా ఇక్కడే నిలబడ్డావేం? పద."

ఆ రోజు నుంచి రబాబ్ దాచడం మానేసింది. మందు తగ్గించింది. జెల్ కన్నా ముందు కాస్త మంచినీళ్ళు పంపి రాతిలోని సున్నపు ఉప్పును కడగాలని నిర్ణయించుకుంది. కొన్ని సీసాలు ఎ లాగా జారిపోయాయి. కొన్ని డి లాగా నాలుక చాపాయి. డాక్టరమ్మ చెయ్యి జారుతూనే ఉంది. రబాబ్ మూతలు మరీ బిగించకుండా, ఆవిడ వేళ్ళకు నొప్పి కలగకుండా పెట్టేది. ఆ సంగతి ఇద్దరూ ఎత్తలేదు. చివరికి ఒక సీసా నిలబడింది. మర్నాడూ నిలబడింది. వారం దాటినా నీటి చుక్క వదల్లేదు. డాక్టరమ్మ బోర్లించి, ఊపి, మళ్ళీ బోర్లించి, "ఐ" అన్నారు. కాసేపాగి, "జె కాదులే, ఆశపడకు" అన్నారు.

ఇంక మిగిలింది రాయి. అబూ నఖ్లా నుంచి వచ్చిన ఇసుకరాతి ముక్కలు రెండు, ఒకటి గుల్ల, ఒకటి గట్టి. రెండిట్లోనూ చమురు నింపి, ఉక్కు గొట్టాల్లో పక్కపక్కన బిగించి, నీళ్ళు పంపారు. నీళ్ళన్నీ గుల్లరాతిలోంచే వచ్చాయి. గట్టిరాతి గొట్టం పొడిగా ఉంది. అచ్చం ఊళ్ళో బావిలాగే. కడుగునీళ్ళు పంపి, వెనకే జెల్ పంపి, వేడిలో పేరుకోనిచ్చి, మళ్ళీ నీళ్ళు వదిలారు. ఒత్తిడి ముల్లు మెల్లగా పైకి లేవసాగింది.

ఆ ల్యాబ్ మొత్తంలో డాక్టరమ్మ బోర్లించలేని వస్తువు ఆ ఉక్కు గొట్టం ఒక్కటే. బోల్టులతో బల్లకు బిగించేశారు. ఆవిడ దాని చుట్టూ రెండుసార్లు తిరిగారు. తరవాత దుపట్టా నడుముకు చుట్టుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, తలను బల్ల కిందికి దూర్చి, తానే తలకిందులై గట్టిరాతి గొట్టం కొసను చూడసాగారు.

"లేవండి డాక్టరమ్మా, నడుం పట్టేస్తుంది" అన్నాడు గిర్గిస్.

"మాట్లాడకు. ఏదో వస్తోంది."

"ఏమొస్తోందండీ?" అంది రబాబ్.

"నీళ్ళా?" అన్నాడు హానీ. అప్పటికి అతను రోజూ వస్తున్నాడు, భయం కొద్దీ.

బల్ల కింద నుంచి ఆవిడ గొంతు, తలకిందులుగా ఉన్నందువల్ల కాస్త ముక్కుతో, తాపీగా వినిపించింది. "నల్లగా ఉంది. చిక్కగా ఉంది. తొందరపడట్లేదు. సి అనొచ్చు."

రబాబ్ కూడా నేల మీద పడుకుని తల దూర్చింది. ఇద్దరూ అలాగే పడుకుని, ఒక చుక్క వెనక ఇంకో చుక్క గాజుగొట్టంలోకి జారడం చూశారు. ఇద్దరినీ పైకి లేపడానికి గిర్గిస్, హానీ చెరో పక్క పట్టుకోవాల్సి వచ్చింది.

"నాన్నా, మన రాయి పలికింది" అంది రబాబ్ ఫోన్లో.

"ఏమంది?"

"చమురు ఇస్తానంది."

మన్సీ అన్నాడు, "మరి నీళ్ళకు చెప్పావా అమ్మా, ఆ దారి మూసేశామని? పాపం, అలవాటుగా వచ్చేస్తాయి."

కంపెనీ మాట నిలబెట్టుకుని ఒక బావిలో ప్రయత్నించింది. నీళ్ళు తగ్గాయి, చమురు పెరిగింది. మరీ గొప్పగా కాదు గాని, అబూ నఖ్లాను మూయకుండా ఉండేంత. ఎర్ర రంగు గుర్తులను మన్సీ తన చేతులతోనే గోకేశాడు.

ఇప్పుడు డాక్టరమ్మకు డెబ్బై దాటాయి. కాలవ ఒడ్డున కెప్టెన్ గారితో మూడో అంతస్తులో ఉంటున్నారు. మోకాళ్ళ నొప్పుల వల్ల మంగళవారాలు మాత్రమే ల్యాబ్‌కు వస్తారు. అదే ల్యాబ్‌లో ఉద్యోగంలో చేరిన రబాబ్ కారులో తీసుకొస్తుంది, మళ్ళీ దింపుతుంది.